ఒక్క లైను సరదా

అది కాదు వదినగారూ, మీవాడు ఏడు లైన్ల పైథాన్ ప్రోగ్రామును ఒక్క లైనులో ఇరికించి మురిసిపోతున్నాడే, ఆ సరదా నాకు తెలుసు. చురుకైన పిల్లాడు. కానీ రేపు దాన్ని ఇంకొకరు విప్పుకుని చదవాలి కదా, నా బెంగంతా వాళ్ల గురించే.

ఈ తగువు ఈనాటిది కాదండీ. 1959లో అమెరికాలో కోబాల్ భాష తలపెట్టినప్పుడు, ప్రోగ్రామర్లు కానివాళ్లు కూడా చదివితే బోధపడాలని పట్టుబట్టారు. నేవీలో పనిచేసిన గ్రేస్ హాపర్ గారు అంతకుముందే ఇంగ్లిషు మాటలతో ఫ్లో-మాటిక్ అనే భాష చేశారు. కోబాల్ చాలావరకు ఆ దారే పట్టింది. రేటును సంఖ్యతో గుణించాలంటే "మల్టిప్లై రేట్ బై క్వాంటిటీ గివింగ్ అమౌంట్" అని వాక్యంలా రాసి చివర చుక్క పెట్టడమే.

కెనెత్ ఐవర్సన్ గారిది పూర్తిగా రెండో దారి. 1962లో ఆయన రాసిన పుస్తకం నుంచి ఏపీఎల్ భాష పుట్టింది. అందులో క్లాసు మార్కుల సగటు కావాలంటే (+/మార్కులు)÷⍴మార్కులు, అంతే. ప్లస్సు పక్కన గీత ఉంటే అన్నీ కూడమని, ఆ వంకర గుర్తుకి ఎన్ని ఉన్నాయో చెప్పమని. లూపు ఊసే లేదు. 1979లో ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ, మంచి గుర్తులుంటే ఆలోచనే సాగుతుందని ఆయన వాదించారు. రోజూ వాటితోనే పనిచేసేవాళ్ల విషయంలో అది నిజమే, లెక్క మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది. ఎప్పుడో ఒకసారి తెరిచి చూసేవాళ్లకు మాత్రం నరకం.

వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ క్లాసులు ఎలా కిటకిటలాడాయో మీకు గుర్తుండే ఉంటుంది. నేనూ ఆ గుంపులోదాన్నే. ఎక్కడివాళ్లో, ఎప్పుడో రాసి రిటైరైపోయిన ప్రోగ్రాములు మా చేతికొచ్చాయి. అడుగుదామంటే మనిషి లేడు. అయినా చదవగలిగామంటే పేర్ల పుణ్యమే. "కస్టమర్-డ్యూ-డేట్" అని కనబడ్డాక ఇంక అడిగేదేముంది! అంత ధారాళంగా పేర్లు పెట్టినవాళ్లే సంవత్సరం దగ్గరకొచ్చేసరికి 1975ను 75 అని కుదించారు. పంచ్ కార్డులో 80 గళ్లే ఉండేవి, మెమరీ బంగారమంత ఖరీదు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ 2000 వచ్చేసరికి 00 అన్నది 99 కన్నా ముందుదైపోతుంది. మేం వెతికి దిద్దింది అదే.

అయితే పొడుగ్గా రాస్తే చాలా అంటారా? చాలదండీ. పాత కోబాల్‌లో "ఇఫ్" ఎక్కడ ముగిసిందో చెప్పేది ఒక్క చుక్క. బాకీ ఉంటే జరిమానా వెయ్యి, నోటీసు పంపు అని రెండు లైన్లు రాశారనుకోండి. జరిమానా లైను చివర పొరపాటున చుక్క పడిందో, బాకీ లేనివాళ్లకు కూడా నోటీసు వెళ్లిపోతుంది. కంపైలర్ నోరెత్తదు. మనిషి కంటికి ఆనదు. అన్ని పొడుగు మాటల భాషలోనూ ప్రాణం ఆ చుక్క మీద నిలబడింది. 1985 ప్రమాణంలో "ఎండ్-ఇఫ్" అన్న మాట చేర్చాకే తెరిపి. అక్షరాలు పెరిగినా దండగ కాలేదు.

మీవాడి పైథాన్‌లోనూ ఈ రగడ జరిగింది. లైను మధ్యలోనే విలువకు పేరు పెట్టేసే := గుర్తు కావాలని కొందరు, వద్దని కొందరు. ఒప్పుకున్నాక కూడా వాదనలు ఆగక, 2018లో ఆ భాష పుట్టించిన గీడో వాన్ రాసమ్ గారు విసిగిపోయి, ఆఖరి మాట తనదయ్యే పెద్దరికం వదులుకున్నారు. మరుసటి ఏడు 3.8 వెర్షన్‌లో ఆ గుర్తు వచ్చింది. లూపులో ఫైలు చదివేచోట నాకూ అది ఇష్టమే, ఒకే లైను రెండుసార్లు రాసే పని తప్పుతుంది. షరతులో షరతు, దాని కడుపులో ఈ గుర్తు పెడితే మాత్రం ఒప్పుకోను వదినగారూ. మా టీములో ఎవరు అలా రాసినా, విడదీసి రాయమని వెనక్కి పంపేస్తాను.