ఉపకార వేతనము

చదువుకొను పిల్లలకు ప్రభుత్వమో, దాతలో ఇచ్చు ధనమును మన భాషలో ఉపకార వేతనమందురు. ఈ మాటలో ఒక వింత యున్నది. ఉపకారము ప్రతిఫలమును కోరనిది. వేతనమో, చేసిన పనికి ప్రతిఫలము. ఉపకారబుద్ధితో ఇచ్చు వేతనమని పెద్దల భావము. అయితే, ఉపకారము చేసిన వారికిచ్చు వేతనమని కూడ దీనికి అర్థము చెప్పుకొనవచ్చునా? పరులకై పాటుపడిన విద్యార్థికి, ఆ గుణమును చూచియే పై చదువునకు సాయపడుట తగునా? ఇది ఆలోచింపదగిన ప్రశ్న.

పూర్వము మన ఊళ్లలో బీద విద్యార్థులు వారములు చేసికొని చదువుకొనెడివారు. ఆదివారమొక యింట, సోమవారమొక యింట వారికి భోజనము. పెట్టిన తల్లి లెక్క వ్రాసికొనలేదు. తిన్న బాలుడు ఆ యన్నమును మరువలేదు. తరువాత వసతిగృహములు వెలసినవి. 1918లో హైదరాబాదున రెడ్డి వసతిగృహము ఏర్పడెను. గోలకొండ పత్రికా సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి కార్యదర్శిగా పనిచేసిరి. అందుండి చదువుకొన్నవారిలో రావి నారాయణరెడ్డిగారొకరు. ఆయన హరిజన సేవా సంఘమున పనిచేసి, తన భూములను పేదలకు పంచి, ఆ కాలమున నల్లగొండ జిల్లాలో చేరియుండిన జనగామ ప్రాంతపు రైతుల పక్షమున నిలిచిరి. నీడ నిచ్చినవారు ముందుగా ఏ నియమమును విధింపలేదు. సాయము మొదట వచ్చినది. సేవ దానిని వెన్నంటి వచ్చినది.

నేటి ఉపకార వేతనములలో పెక్కింటికి కొలతలు రెండు. ఒకటి పేదరికము, రెండవది తెలివి. ఎనిమిదవ తరగతి బాలబాలికలు వ్రాయు జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్షలో ఈ రెండును కలిసియున్నవి. 2008లో ఆరంభమైన ఈ పథకము క్రింద ఎన్నికైనవారికి ఇంటర్మీడియేటు ముగియు వరకు ఏటికి 12,000 రూపాయలు లభించును. ఆదాయమునకు ధ్రువపత్రము కలదు. తెలివికి మార్కులు కలవు. మంచితనమును తూచు త్రాసు ఏది?

అట్టి త్రాసును వెదకిన ప్రయత్నములు లేకపోలేదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకము మొదలయ్యెను. ‘నేను కాదు, నీవు’ అనునది దాని ఆదర్శ వాక్యము. ఇందు చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లు సేవ చేయవలెను. ఏడు దినములు శిబిరమున గడపవలెను. 1976లో వరంగల్లున నెలకొన్న కాకతీయ విశ్వవిద్యాలయము క్రింద, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి కళాశాలల విద్యార్థులును ఈ సేవలో పాలుపంచుకొనుచున్నారు. ఉత్తమ సేవకులకు జాతీయ పురస్కారములిచ్చు పద్ధతి 1993-94లో ఏర్పడినది.

ఇది మేలైన మార్గమే. కాని గంటలు లెక్కించుచోట సేవ కూలిపనిగా మారు ప్రమాదము కలదు. మొక్క నాటి ఫోటో తీయించుకొని, మరునాడు దానికి నీరు పోయనివాడును ధ్రువపత్రము పొందవచ్చును. ఇంకొక చిక్కు ఇంతకంటె పెద్దది. మానుకోటయని జనులు పిలుచు మహబూబాబాదు ప్రాంతపు తండాలో తలిదండ్రులు మిరపతోట కూలికి పోగా, తమ్ముని చంకనెత్తుకొని, ముసలి అవ్వకు గంజి కాచి పోసి, ఆపై బడికి పరుగెత్తు బాలిక ఏ శిబిరమునకు పోగలదు? ఆమె పాటు ఏ పుస్తకములోను ఎక్కదు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని వాగు ముంచివేయగా, జనులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. అట్టి వేళ పొరుగింటి వృద్ధులను చేయిపట్టి పైకెక్కించు యువకుడు గడియారము చూచునా?

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, బెరియా కళాశాలలో 1990లో బోనర్ దంపతుల ధర్మనిధితో ఒక ఉపకార వేతనము ఆరంభమయ్యెను. పేద విద్యార్థి పొట్టకూటికై పనిచేయవలసినవాడు. ఇతరులకు సాయపడుటకు అతనికి తీరిక ఎక్కడిది? ఆ తీరికను ధర్మనిధి కల్పించును. విద్యార్థి వారమునకు సుమారు 10 గంటలు సమాజసేవ చేయును. ఇచట ధనము సేవకు వెల కాదు. సేవకు అడ్డమైన బాధను తొలగించు సాధనము. 2016లో హార్వర్డు విశ్వవిద్యాలయపు విద్యావిభాగమునుండి వెలువడిన యొక నివేదిక, కళాశాల ప్రవేశములందు ఇంటి బరువు మోయు పిల్లల పాటును కూడ గుర్తింపవలెనని సూచించెను. తండాలోని బాలికకు ఈ మాట ఎంతయు వర్తించును.

కావున సేవను చూచి ఉపకార వేతనము నిచ్చువారు ఫోటోలను గాక, ఉపాధ్యాయులను, ఇరుగుపొరుగు వారిని అడుగవలెను. తన మేలు తాను చెప్పుకొనని విద్యార్థిని వెదకుకొని పోవలెను.

2016లో ఏర్పడిన భూపాలపల్లి జిల్లా ఆచార్య జయశంకర్ పేరును దాల్చినది. ఆయన 1934లో అక్కంపేటలో జన్మించి, అధ్యాపకులై, కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతియై, అవివాహితులుగనే యుండి తెలంగాణ ప్రజల కొరకు పాటుపడి 2011లో కన్నుమూసిరి. జిల్లాకు తన పేరు పెట్టుదురని ఆయన పనిచేయలేదు. అది కూలి కాదు, ప్రజలు తీర్చుకొన్న ఋణము. సేవాపరుడైన విద్యార్థికి అందు ఉపకార వేతనమును ఇట్టిదే కావలెను. దానిని ఆశించి సేవ చేయరాదు. సేవ చేసిన బిడ్డ, రుసుము కట్టలేక కళాశాల గుమ్మమునుండి మరలిపోవునట్లు సంఘము చూచుచు ఊరకుండరాదు.