చౌమహల్లాలో నలుపూ తెలుపూ

మా నాన్నగారి కంటి పరీక్ష కోసం హైదరాబాదు వెళ్ళాం. డాక్టరుగారు మర్నాడు రమ్మన్నారు. చేతిలో ఒక పూట మిగిలింది. "చార్మినారు చూద్దామా?" అంటే, "చూసిందేగా! నీ దీనదయాళు తిరిగిన చోటికి పద" అన్నారాయన.

నా దీనదయాళు అంటే రాజా దీనదయాళ్ (1844–1905). మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో సర్కారు ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన మనిషి. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా ఆయన్ను ఆస్థానంలో పెట్టుకుని 'ముసవ్విర్ జంగ్' అని బిరుదిచ్చాడు. 1892లో ఆయన ఘోషా స్త్రీల కోసం నగరంలో ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టాడు. 2006లో మన తపాలా శాఖవారు ఆయన బిళ్ళ వేశారు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సెలవుల్లో మాత్రం నాకిష్టమైన ఫోటోగ్రాఫర్ల ముఖాలు ఆక్రిలిక్ రంగులతో, నలుపు తెలుపుల్లోనే వేస్తుంటాను. ఊరందరి ముఖాలూ తీసి, తమ ముఖం కెమెరా వెనక దాచుకున్నవాళ్ళంటే నాకు గురి. కార్టియే బ్రెసన్ అయ్యాడు, హోమాయి వ్యారావాలా అయ్యారు. దీనదయాళు దగ్గర బండి ఆగింది. ఆర్నెల్లుగా ఆ అట్ట గోడవైపు తిరిగి ఉంది.

లాడ్ బజారు గాజుల మెరుపుల మధ్య నుంచి, నాన్నగారి చెయ్యి నా భుజం మీద వేయించుకుని చౌమహల్లా చేరాను. ఖిల్వత్ దర్బారులో 19 బెల్జియం షాండ్లియర్లు. జనమంతా తలలెత్తి వాటినే చూస్తున్నారు. నాన్నగారు మాత్రం ఒక పాత ఫోటో ముందు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డారు. ఆయన ముప్ఫైయేళ్ళు ఒక స్టూడియోలో నెగెటివుల మీద పెన్సిలుతో మొటిమలు మాపి, ముడతలు దిద్దినవారు. ఇప్పుడు ఆ కళ్ళకే నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నది నిలుపుకోవడమేనట.

"ఆకాశం చూడు" అన్నారు. తెల్లకాగితంలా ఉంది.

"ఎండ మండిపోయిన రోజు కాబోలు."

ఆయన నవ్వారు. "పిచ్చివాడా! ఆ కాలపు గాజు పలకకు నీలం తెల్లగా, ఎరుపు నల్లగా కనబడేవి. మన ఒంటి రంగులో ఉన్నది ఎరుపూ పసుపూనే గదా! మనిషి ఉన్నదానికన్నా నల్లగా దిగుతాడు. నువ్వు ఆ నలుపునే ఎక్కించావు. ఇంతకీ నువ్వు వేస్తున్నది ఫోటోనా, మనిషినా?"

నాకు నోట మాట రాలేదు. పైగా ఆక్రిలిక్ రంగు తడి మీద ఒకలా ఉండి, ఆరాక ఒక పాలు నల్లబడుతుంది. అంటే ఆ పెద్దమనిషికి రెండుసార్లు మసి పూశానన్నమాట! ఉత్త నలుపూ తెలుపూ కలిపితే బూడిదరంగు నీలి జీర కొడుతుందని చిటికెడు గోధుమరంగు చేర్చేపాటి తెలివి మాత్రం ఉంది. "నలుపు తెలుపుల బొమ్మలో గోధుమరంగేమిటి నాన్నా?" అని మావాడు నిలదీశాడు లెండి.

మర్నాడు డాక్టరుగారు ఎడమకంటి పక్కచూపు పోయిందనీ, కుడికన్ను ఫరవాలేదనీ చెప్పి, చుక్కలమందు రాసిచ్చారు.

ఇంటికొచ్చిన రాత్రే అట్ట ఇటు తిప్పాను. కోటు జోలికి పోకుండా బుగ్గా నుదురూ మాత్రం తెల్లబరచసాగాను. నాన్నగారు టేబిలు దీపం చేత్తో పట్టుకుని, "ఇంకొంచెం... ఇంకొంచెం" అంటున్నారు. ఆ 'ఇంకొంచెం' బొమ్మకు కావాలో, ఆయన కంటికి కావాలో నాకు తెలియలేదు. అడగలేదు. అడిగే ధైర్యం లేక, చెప్పినంతా వేశాను.

"ఆరనీ" అన్నారు చివరికి. పావుగంట పడుతుంది. దీపం దించకుండా ఆయన అక్కడే కూర్చున్నారు.