పటాన్‌చెరులో కందిమొక్క

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే రోడ్డు మీద పటాన్‌చెరు అనే ఊరున్నది. అక్కడ ఇక్రిశాట్ అనే పెద్ద పంటల పరిశోధనాలయం ఉన్నది. దానిని 1972లో స్థాపించారు. ఒకే ఆవరణలో ఎర్రనేలా, నల్లరేగడీ కూడా ఉన్నవి. చలిగదులలో లక్షకు పైగా విత్తన నమూనాలు దాచి ఉంచారు. మనం రోజూ తినే కందిపప్పుకు ఈ చోటితో గొప్ప సంబంధం ఉన్నది.

కందికి ఎండు తెగులు వస్తుంది. నేలలోని ఒకరకం బూజు వేళ్ళలో దూరి, నీరు పైకి ఎక్కకుండా అడ్డుపడుతుంది. పూతకు వచ్చిన మొక్క నిలువునా ఎండిపోతుంది. రైతు నెలల కష్టం మట్టిపాలే! తట్టుకునే రకమేదో తెలియాలంటే, పూర్వం తెగులు ఉన్న మడిలో విత్తి, ఏది చస్తుందో, ఏది బతుకుతుందో అని కాచుకోవలసిందే. అటువంటి మడి ఈ ఆవరణలోనే ఉన్నది.

పిల్లలూ, ప్రతి మొక్క కణాలలోనూ డి.ఎన్.ఎ. అనే సన్నని దారం ఉంటుంది. దాని మీద రాత అంతా నాలుగే అక్షరాలతో సాగుతుంది. మన తెలుగుకు యాభై ఆరు కావలసి వచ్చినవి మరి! కందిలో ఈ అక్షరాలు సుమారు 83 కోట్లు. ఇక్కడి శాస్త్రజ్ఞులు ఇతర దేశాల వారితో కలిసి, ఎండు తెగులును తట్టుకునే "ఆశ" అనే కందిరకం తీసుకుని, 60 కోట్ల అక్షరాలకు పైగా చదివి వరసపెట్టారు. ఆ సంగతి 2011లో ప్రకటించారు.

అంత పొడుగు వరసతో రోజూ ఏం పని? వేరొక కందిరకం ఆకు నూరి, డి.ఎన్.ఎ. తీసి యంత్రంలో పెడితే, అది చిన్న చిన్న ముక్కలుగా చదువుతుంది. చిరిగిపోయిన వాచకాన్ని అతికించాలంటే మంచి ప్రతి పక్కన ఉండాలి కదా! ఆ ప్రతియే "ఆశ" వరస. కంప్యూటరు ఒక్కొక్క ముక్కను దానితో పోల్చి, ఎక్కడ అక్షరం మారిందో చూపిస్తుంది. బతికిన మొక్కలలో ఒక అక్షరం, చచ్చినవాటిలో మరొకటి కనబడితే, శాస్త్రజ్ఞుల చూపు అక్కడ నిలుస్తుంది. ఈ విధంగా 292 కందిరకాలు చదివి, పూతకాలానికీ, గింజ ఎదుగుదలకూ సంబంధించిన చోట్లు గుర్తించిన సంగతి 2017లో అచ్చయింది.

గుర్తు దొరికితే మొలక ఆకుముక్క చాలు. పనికిరాని మొలకలను అప్పుడే ఏరివేయవచ్చు. అయితే అక్షరాల పరీక్షలో నెగ్గినంత మాత్రాన విత్తనం రైతుకు చేరదు. ఆ మొక్కలను కూడా తీసుకుపోయి తెగులు మడిలో నాటుతారు.