రోజూ బడికెళ్లే ఎంజీబీ

ఆక్స్‌ఫర్డ్‌కి దక్షిణాన, థేమ్స్ నది ఒడ్డున ఉంటుంది అబింగ్డన్. స్పోర్ట్స్ కార్ల చరిత్రలో దీనిది చాలా పెద్ద పేరు. ఆ చరిత్రకు గుర్తుగా చూద్దామంటే మాత్రం ఊళ్లో మిగిలింది కొంచెమే. 1929లో ఒక తోళ్ల ఫ్యాక్టరీ ఆవరణలో కొంత భాగం తీసుకుని ఎంజీ ఇక్కడ కార్లు చేయడం మొదలుపెట్టింది. 1980 అక్టోబరులో గేట్లు మూసేసింది. ఆ స్థలంలో ఇప్పుడు వేరే కంపెనీల భవనాలున్నాయి. పక్కనే కింబర్ హౌస్‌లో ఎంజీ కార్ క్లబ్ కార్యాలయం మాత్రం నడుస్తోంది. ఎంజీ అంటే మనవాళ్లకి హెక్టర్, విండ్సర్ గుర్తొస్తాయి. గుజరాత్‌లోని హాలోల్ నుంచి వచ్చే ఆ కార్ల ముందున్న ఎనిమిది పలకల ముద్ర ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి, అబింగ్డన్‌లో పెరిగింది. తర్వాత చేతులు మారుతూ చైనా కంపెనీ సైక్‌కి చేరింది.

మ్యూజియంలో తాడు కట్టి నిలబెట్టిన కార్లు ఎక్కడైనా చూడొచ్చు. యాభై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారును వానలో, చలిలో, ట్రాఫిక్‌లో రోజూ ఉద్యోగానికి వేసుకెళ్లేవాళ్లు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు. వాళ్ల బండ్లు ఎలా నడుస్తున్నాయో, వాటిని ఎవరు నడిపిస్తున్నారో చూడాలని వెళ్లాను.

ఊరి బయట, పాత ధాన్యపు కొట్టాన్ని మార్చి పెట్టుకున్న మెకానిక్ షెడ్డు అది. లోపల నూనె వాసన. గోడ నిండా కొలతల వారీగా తగిలించిన స్పానర్లు. అవి మిల్లీమీటర్లవి కావు, అంగుళాలవి. యజమానికి అరవై దాటి ఉంటాయి. బండి తెచ్చిన ప్రతివాళ్లనీ ఆయన మొదట అడిగేది ఒక్కటే: ఏడాదికి ఎంత దూరం తిప్పుతారు? ఎక్కువ తిప్పుతామంటే ఆయనకి సంతోషం. వేసవిలో రెండుసార్లు తీసి మళ్లీ దుప్పటి కప్పేస్తామంటే దిగులు. నిలబెట్టిన బండే ఎక్కువ పాడవుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు కళ్లముందే చూపించాడు. ఓ మూల విప్పి పడేసిన బ్రేక్ క్యాలిపర్లున్నాయి. కదలిక లేక పిస్టన్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెట్రోలు ట్యాంకులోనే నిలవుండి చెడిపోతుంది. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకి అంటుకుపోతుంది. వారానికి అయిదు రోజులు తిరిగే బండికి ఈ బాధలు దాదాపు ఉండవు.

ఆ రోజు సర్వీసుకి వచ్చిన వాటిలో ఒకటి 1972 నాటి ఎంజీబీ జీటీ. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పే ఒక టీచరమ్మది. రోజూ బడికి అందులోనే వెళ్తుంది. ఎంజీబీ 1962లో వచ్చింది. పైకప్పు ఉన్న జీటీ 1965లో వచ్చింది. 1980 దాకా అన్ని రకాలూ కలిపి అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఈ సంఖ్యను తేలిగ్గా తీసుకోకూడదు. అన్ని బండ్లు తిరిగాయి కాబట్టే ఇవాళ విడిభాగాల వ్యాపారం గిట్టుబాటవుతోంది. ఇంతకన్నా అందమైన, అరుదైన బ్రిటిష్ కార్లు చాలానే ఉన్నాయి. కానీ వాటి హెడ్‌లైట్ రింగు పోతే నెలల తరబడి వెతకాలి. ఎంజీబీకి ఫోన్ చేస్తే మర్నాడు ఇంటికొస్తుంది. రోజువారీ వాడకానికి పాత కారు కొనేవాళ్లు అందం కన్నా ముందు చూసుకోవలసింది ఇదే.

బానెట్ ఎత్తితే తెలుగువాడికి పరాయి ఊళ్లో చుట్టం ఎదురైనట్టే. మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, ఈ 1798 సీసీ ఇంజనూ ఒకే కుటుంబానివి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ సిరీస్. ఇనుప బ్లాకు, ఇనుప హెడ్డు, పొడవాటి పుష్ రాడ్లు, ఒక పక్కన కార్బొరేటరూ ఎగ్జాస్టూ, రెండో పక్కన డిస్ట్రిబ్యూటరు. బెజవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ టాపెట్లు సెట్ చేసిన మెకానిక్‌ని తీసుకొచ్చి ఇక్కడ నిలబెడితే ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకుండా పని మొదలుపెడతాడు. తేడా ఏమిటంటే దీనికి రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, 95 హార్స్ పవర్. మొదట్లో ఇంజను క్రాంక్‌కి మూడే మెయిన్ బేరింగులుండేవి. 1964 చివర్లో అయిదు చేశారు. ఇది అప్పటినుంచే మొండి ఇంజనుగా పేరు తెచ్చుకుంది.

షెడ్డులో కుర్ర మెకానిక్ ఆ కార్బొరేటర్ల పని చేస్తుంటే దగ్గర నిలబడి చూశాను. ఒక్కోదాని నెత్తిన గుండ్రటి మూత ఉంటుంది. అది తిప్పి పైకి లాగితే సన్నని కడ్డీ నూనె కారుతూ వస్తుంది. లోపల నూనె తగ్గితే చిన్న డబ్బాతో చుక్కచుక్కగా పోసి, కడ్డీని మళ్లీ దించాడు. కొంత దూరం వదులుగా దిగి, ఒకచోట వేలికి ఎదురు తన్నింది. సరిపోయిందనడానికి అదే గుర్తు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు లోపలి పిస్టన్ ఎగిరిపోకుండా పట్టి ఉంచేది ఈ కాస్త నూనే. అది ఎండితే బండి ముందుకు దూకబోయి తడబడుతుంది. చాలామంది ప్లగ్గులు మార్చి, పాయింట్లు మార్చి, చివరికి ఇంజనే పోయిందని బెంగపడతారట. ఈ పనికి పట్టింది రెండు నిమిషాలు.

తర్వాత జాకీ ఎక్కించి ముందు చక్రాల బరువు తీసేసి గ్రీజు గన్ను పట్టాడు. ఒక్కో పక్కన కింగ్‌పిన్‌కి మూడేసి నిపుళ్లు. పాత నల్ల గ్రీజు పక్కల నుంచి బయటికొచ్చి, కొత్తది కనిపించేదాకా కొట్టాలి. మూడు వేల మైళ్లకోసారి, అంటే సుమారు 4,800 కిలోమీటర్లకోసారి ఈ పని తప్పదు. ఇప్పటి కార్లు సర్వీసుకి, సర్వీసుకి మధ్య ఇంతకు మూడు నాలుగింతలు తిరుగుతాయి. పాత కారు రోజూ నడవదన్నది అపోహ. నడుస్తుంది, అయితే తన కొలతల ప్రకారం సేవ అడుగుతుంది. టీచరమ్మ ఆ సేవలో సగం సొంతంగా నేర్చుకుంది. ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి ఇంజనాయిల్, నీళ్లు, బ్రేక్ ఆయిల్, టైర్ల గాలి చూసుకుంటుంది. ఇంజనాయిల్ 20డబ్ల్యూ50 తప్ప వేరే పోయదు. పాత క్యామ్ షాఫ్టుల రాపిడికి జింకు పాళ్లు ఉన్న నూనె కావాలి, కొత్త కార్ల పల్చటి నూనెల్లో అవి తగ్గాయి.

పక్క బేలో ఎర్రటి ఓపెన్ టాప్ ఎంజీబీ ఉంది. పెయింటు అద్దంలా ఉంది. ఈ మధ్యే కొన్నారట. మెకానిక్ దాన్ని మధ్యలో జాకీ పెట్టి కొద్దిగా లేపి, తలుపు తెరిచి మూయమన్నాడు. తలుపు పైమూల బాడీకి రాసుకుంది, మూతపడలేదు. రోగం ఏమిటో చెప్పడానికి అదొక్కటే చాలు. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కిందుగా పోయే సిల్లులే నడుం. పైకప్పు లేని బండికి బరువంతా వాటిమీదే. పైన రేకు, మధ్యలో రేకు, అడుగున బాక్సు, ఇలా పొరలు పొరలుగా ఉన్న ఆ సిల్లు లోపల్నుంచి తుప్పు తినేస్తే, పైన పుట్టీ పెట్టి రంగేస్తే కంటికి కనిపించదు. చలికాలంలో మంచు కరగడానికి బ్రిటన్ రోడ్లమీద ఉప్పు చల్లుతారు. రోజూ తిరిగే పాత కారుకి అసలు శత్రువు ఇంజను కాదు, ఆ ఉప్పు. టీచరమ్మ కారు సిల్లుల్లో, డోర్ల అడుగున మైనం లాంటి ద్రావకం పిచికారీ చేయించింది. ఉప్పు చల్లిన రోజుల్లో సాయంత్రం ఇంటికి రాగానే అడుగుభాగమంతా పైపుతో కడుగుతుంది. ఈ ఒక్క అలవాటే ఆమె బండిని కాపాడుతోందని నా అభిప్రాయం.

మరి తుప్పు పూర్తిగా తినేస్తే? దానికీ దారి ఉంది, అదీ ఇక్కడికి దగ్గర్లోనే. ఇదే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని విట్నీలో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ ఉంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెల్లాచెదురైన అసలు ప్రెస్సు అచ్చుల్ని వెతికి పోగుచేసి, 1988లో ఎంజీబీ బాడీని మళ్లీ కొత్తగా అమ్మకానికి పెట్టింది ఈ సంస్థే. పాత బండి నుంచి ఇంజను, గేర్‌బాక్సు, సీట్లు, మీటర్లు తీసి ఆ కొత్త బాడీకి ఎక్కించుకోవచ్చు. ఒక మోడల్ తయారీ ఆగిన ఎనిమిదేళ్లకు దాని బాడీ మళ్లీ పుట్టడం మామూలు విషయం కాదు. అచ్చుల్ని పాత ఇనుముకి అమ్మేయకుండా దాచిన చేతులకి దండం పెట్టాలి.

రోజువారీ వాడకం కోసం టీచరమ్మ కారులో కొన్ని మార్పులున్నాయి. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టారు. హెడ్‌లైట్ల కరెంటు సన్నటి పాత స్విచ్చు గుండా పోకుండా రిలేలు వేశారు. వెనక దీపాలు ఎల్ఈడీలు. సీటు బెల్టులు కొత్తవి. పాతదనం చెడుతుందని కొందరు వీటిని ఒప్పుకోరు. పొగమంచులో వెనక లారీవాడికి మన బండి కనిపించాలి కదా. పైకి తెలియని, కావాలంటే వెనక్కి తీసేయగల ఇలాంటి మార్పులు తప్పేమీ కాదు.

పెట్రోలు విషయం మనవాళ్లకీ పనికొస్తుంది. 2000 ప్రారంభం నుంచి బ్రిటన్ బంకుల్లో సీసం కలిపిన పెట్రోలు మామూలు అమ్మకం ఆగిపోయింది. దాంతో ఇనుప హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టిపరిచిన సీట్లు వేయించుకోవాల్సి వచ్చింది. 2021 సెప్టెంబరులో పది శాతం ఇథనాల్ ఉన్న ఈ10 వచ్చింది. ఇథనాల్ పాత రబ్బరు హోస్ పైపుల్ని మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని హోసులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించుకుని, కుదిరినంతవరకూ అయిదు శాతమే ఉన్న సూపర్ పెట్రోలు పోయించుకుంటారు. మన బంకుల్లో ఇప్పుడు ఇరవై శాతం. పాత ఫియట్, అంబాసిడర్ ఉన్నవాళ్లు ముందు మార్పించాల్సింది ఆ హోసులే.

సర్వీసు అయ్యాక ఆమె పక్క సీట్లో కొంత దూరం వెళ్లాను. తాళం తిప్పగానే వెనకనుంచి టిక్ టిక్‌మని పెట్రోలు పంపు చప్పుడు. అది ఆగేదాకా ఆగి, చోక్ లాగి సెల్ఫ్ కొట్టింది. కూర్చుంటే రోడ్డు చాలా దగ్గర్లో ఉన్నట్టుంటుంది. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు. ఓవర్‌డ్రైవ్ మీట నొక్కితే ఇంజను మోత తగ్గి తేలిగ్గా సాగిపోయింది. నలభై మైళ్ల వేగం కూడా మంచి ప్రయాణంలా అనిపించడం ఈ కారు గొప్పతనం. లీటరుకి తొమ్మిది పది కిలోమీటర్లు ఇస్తుంది.

లోటుపాట్లు దాచకూడదు. ఎయిర్ బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. జీటీ వెనక సీటు పేరుకే సీటు. ఇంట్లో ఇంకో మామూలు కారు ఉంది కాబట్టి పిల్లలతో దూర ప్రయాణాలకి, బండి షెడ్డులో ఉన్న రోజులకి ఆమెకి ఇబ్బంది లేదు. ఉన్న ఒక్క వాహనమూ ఇదే అయితే వద్దనే అంటాను.

బ్రిటన్ చట్టం మాత్రం ఇలాంటివాళ్ల వైపే ఉంది. నలభై ఏళ్లు దాటిన కారుని చారిత్రక వాహనంగా నమోదు చేసుకుంటే రోడ్డు పన్ను ఉండదు. 2018 మే నుంచి, బండిని మరీ మార్చేయకపోతే, ఎంఓటీ అనే ఏడాది తనిఖీ కూడా తప్పనిసరి కాదు. అయినా ఈ షెడ్డులో ఏటా ఆ తనిఖీ చేయించమనే చెబుతారు, టీచరమ్మ చేయిస్తుంది. లండన్‌లో కాలుష్య నియంత్రణ ప్రాంతం 2023 ఆగస్టు నుంచి నగరమంతా విస్తరించింది. ప్రమాణాలకు సరిపోని కారుకి రోజుకి పన్నెండున్నర పౌన్ల రుసుము. చారిత్రక వాహనాలకి అది కూడా లేదు. రోజూ ఉద్యోగానికి వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

మన దగ్గర 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి వీఏ అక్షరాలతో నంబరు, పదేళ్ల గడువు, ఇరవై వేల రూపాయల రుసుము. పాత బండ్లను తుక్కు కాకుండా గుర్తించడం మంచి అడుగు. అయితే ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, మరమ్మతుకి, పెట్రోలు పోయించడానికి తప్ప మామూలుగా రోడ్డెక్కించకూడదని అదే నియమంలో ఉంది. మామూలు రిజిస్ట్రేషన్‌నే ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవడం ఇంకో దారి. అబింగ్డన్‌లో చూసిందంతా చెబుతున్నది ఒక్కటే: బండి బతికేది తిరిగితేనే. ఏటా కచ్చితమైన తనిఖీ పెట్టండి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని పరిమితి పెట్టండి, కానీ వింటేజ్ నంబరున్న అంబాసిడర్‌ని దాని యజమాని వారంలో కొన్నాళ్లయినా ఆఫీసుకి వేసుకెళ్లేలా ఆ నియమం సవరించాలని రవాణా శాఖను కోరుతున్నాను.