పాత జీపు

శుక్రవారం మా మదరసాకు సెలవు. ఆ రోజు ఫజ్ర్ నమాజు ముగియగానే నేను నంద్యాల నుంచి బేతంచెర్ల దిక్కుగా జీపు తీస్తాననీ, జుమా స్నానానికి వేళయ్యేసరికి నిలువెల్లా దుమ్ముతో ఇల్లు చేరతాననీ మా వీధిలో అందరికీ తెలుసు. మౌలానాకు ఈ వయసులో జీపు పిచ్చేమిటని నవ్వేవారున్నారు. నా శ్రీమతి నవ్వదు. నా బట్టలు ఉతికేది ఆమె కదా!

మేము నలుగురం. విశ్రాంత బస్సు డ్రైవరు ఒకరు, కళాశాల అధ్యాపకుడు ఒకరు, నాపరాళ్ళ వ్యాపారి మరొకరు. తలా ఒక పాత బండి ఉంది. నాది 1992 నాటి మహీంద్రా ఎం.ఎం.540. ఒక గని యజమాని దగ్గర కొన్నప్పుడు దాని వెనుక సీటు మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. 2112 సీసీల ప్యూజో డీజిల్ ఇంజను, నాలుగు వైపులా కమాన్ కట్టలు. సుఖమనేది ఆ బండి నిఘంటువులో లేదు. ఈ జీపులు చేసే సంస్థను 1945లో స్థాపించిన వారిలో మలిక్ గులాం ముహమ్మద్ ఒకరనీ, అప్పట్లో దాని పేరు మహీంద్రా అండ్ ముహమ్మద్ అనీ చాలామందికి తెలియదు. ఆయన పాకిస్తాన్‌కు వెళ్ళి తొలి ఆర్థిక మంత్రి అయిన తరువాత, 1948లో, పేరు మారింది.

టింకరింగ్ చేయించి రంగు వేయించాక బండి చూడముచ్చటగా తయారైంది. కాని నలభై కిలోమీటర్ల వేగం దగ్గర చిన్న గుంతలో చక్రం పడితే చాలు, ముందు చక్రాలు రెండూ గజగజ వణికేవి. స్టీరింగు చేతుల్లో నిలిచేది కాదు. టైర్లు మార్చాను, అలైన్‌మెంటు చేయించాను. వణుకు పోలేదు. చివరకు డ్రైవరు మిత్రుడు ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాడు. లోపలి నుంచి వచ్చిన యువకుడు గ్రీజు చేతులు వెనుకకు దాచుకుని, "అస్సలాము అలైకుమ్ హజ్రత్" అన్నాడు.

నేను గుర్తుపట్టాను. పన్నెండేళ్ళ వయసులో అతడు నా విద్యార్థి. అరబీ క్రియారూపాలు ఎంతకూ కంఠస్థం కాకపోతే, వాళ్ళ నాన్నను పిలిపించి, "ఈ అబ్బాయికి చదువు రాదు, తీసుకుపోండి" అని చెప్పినవాడిని నేనే.

అతడు జాకీ ఎక్కించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమన్నాడు. ఊపాను, చక్రం కదిలింది. ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపమన్నాడు. "ఇప్పుడు కదలకపోతే చక్రం బేరింగు వదులైనట్టు. ఇప్పుడూ కదులుతోందంటే లోపం కింగ్ పిన్నులో ఉంది హజ్రత్." నా చేతికే తెలిసేట్టు చెప్పాడు. కింగ్ పిన్ను మూత కింద పలుచని రేకులు ఉంటాయి. బేరింగులు మార్చి, ఆ రేకుల్లో ఒక్కొక్కటి తీస్తూ బిగువు సరిచేయాలి. బిగువు కొలవడానికి అతడు వాడింది చేపలు తూచే స్ప్రింగు త్రాసు! టై రాడ్ విప్పి, త్రాసు కొక్కెం తగిలించి లాగి, ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూసి, చాలక మరొక రేకు తీశాడు. రెండవ వైపు నా చేతనే చేయించాడు. మూడుసార్లు తప్పుగా బిగించాను, మూడుసార్లూ విసుగు లేకుండా విప్పించాడు.

ఆ సహనం చూసి నా నోరు ఆగలేదు. "ఆనాడు నీ విషయంలో నేను తొందరపడ్డాను బేటా. మీ నాన్నతో నీకు చదువు రాదని చెప్పి ఉండకూడదు" అన్నాను.

అతడి చేతిలోని పానా ఆగిపోయింది. "మీరు చెప్పారా హజ్రత్? ఇల్లు గడవక మాన్పిస్తున్నానన్నాడు నాన్న."

ఆ తండ్రి చనిపోయి ఆరేళ్ళయింది. ఆయన అన్నేళ్ళు దాచిన మాటను నేను ఒక్క క్షణంలో బయట పెట్టాను, నా మనసు తేలికపడాలని. అతడు ఇంకేమీ అనలేదు. పని పూర్తిచేసి, కూలి ఎంతో చెప్పి తీసుకున్నాడు.

తరువాతి శుక్రవారం మాతో వస్తాడనుకోలేదు. వచ్చాడు. ఎర్రమల కొండల్లో, పాడుబడిన ఒక గని వైపు పోయే ట్రాక్టరు దారి మాకు ఇష్టమైనది. పలకలు పలకలుగా లేచిన నాపరాతి మీద ముందు చక్రాల హబ్బులు తిప్పి, చిన్న గేరు కర్రను లో వరకు లాగితే, బండి చీమలాగా ఒక్కొక్క రాయినీ పట్టుకుని పైకి పాకుతుంది. ఎక్కడం కన్నా దిగడం కష్టం. "బ్రేకు వద్దు, క్లచ్ వద్దు. కాళ్ళు తీసేయండి, ఇంజనే పట్టుకుంటుంది" అని అతడు పక్కన కూర్చుని చెబుతుంటే, నేను కాళ్ళు ముడుచుకుని, శ్వాస బిగబట్టి దింపాను. స్టీరింగు వణకలేదు.

కింద చింతచెట్టు నీడలో టీ తాగుతున్నాం. మిగతావారు కాస్త దూరంగా ఉన్నారు.

"ఆ రోజు నాన్న ఏమన్నాడు హజ్రత్?"

"ఏమీ అనలేదు. నీ పక్కబట్టలు చుట్టుకుని, రేకు పెట్టె భుజాన పెట్టుకున్నాడు. నీ కోసం దుఆ చేయమన్నాడు."

"చేశారా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "గుర్తు లేదు బేటా" అన్నాను.

అతడు గ్లాసులో మిగిలిన టీ నేల మీద పారబోశాడు. ముందు తారు రోడ్డు ఉంది. దాని మీద నాలుగు చక్రాలతో నడిపితే గేర్లు బిగుసుకుంటాయి. హబ్బులను మామూలు స్థితికి తిప్పడానికి అతడు ఒకవైపు వంగాడు. నేను రెండవ వైపుకు వెళ్ళాను.