గుడ్డు కాఫీ

చదువరులు నవ్వవద్దు. కాఫీ పొడిలో కోడిగుడ్డును పెంకుతో సహా కలిపి, కాచి, వడగట్టి తాగే మనుషులు ఈ భూమ్మీద ఉన్నారు. నేనూ తాగాను. అదీ ఏ పరదేశంలోనో కాదు, గోదావరిఖనిలో, మా వంటింట్లో.

మాది టీ నీళ్ళ ఊరు. మా బాపు సింగరేణి బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్ళూ మొదటి షిఫ్టుకు పోయేముందు తాగింది టీయే, మూడో షిఫ్టు చేసి ఇల్లు చేరాక తాగిందీ టీయే. కాఫీ అంటే చుట్టాలొచ్చినప్పటి మాట. అటువంటి ఇంట్లోకి పోయిన సంక్రాంతికి మా తమ్ముడు అమెరికాలోని మినియాపొలిస్ నుంచి కాఫీ పొట్లంతో దిగాడు.

వాడికీ నాకూ కొన్నేళ్ళుగా మాటలు పొడిపొడిగానే నడుస్తున్నాయి. 2021 మే నెలలో బాపు పోయినప్పుడు వాడు రాలేదు. వస్తే తిరిగి పోలేని రోజులవి, నాకు తెలియకపోలేదు. అయినా తలకొరివి పెట్టి, ఆ చేతులతోనే సెల్‌ఫోను ఎత్తి వాడికి చితిని చూపించినవాణ్ణి నేను. ఆ కోపం లోపల అట్లాగే ఉండిపోయింది.

భోగి నాడు తెల్లవారుతూనే వాడు పొయ్యి దగ్గరికి చేరాడు. ఆరు చెంచాల పొడిలో గుడ్డు కొట్టి, పెంకు నలిపి వేసి, కాసిన్ని చన్నీళ్ళతో కలిపాడు. నల్లటి ముద్ద అయింది.

"బురద లెక్కున్నది గదరా!" అంది మా అవ్వ. మా వైపు అమ్మనే అవ్వ అంటాం.

ఆ ముద్దను మసిలే నీళ్ళలో వేసి, మూడు నిమిషాలు కాచి, దించి, గ్లాసెడు చన్నీళ్ళు పోశాడు. పైన తేలిన తెట్టు మెల్లగా అడుక్కు దిగింది. వడగడితే తేనెరంగు నీరు! గ్లాసు అడుగు కనబడుతోంది. పాలు లేకపోయినా చేదనిపించలేదు.

సంగతేమిటంటే, గుడ్డులోని తెల్లసొన వేడికి గడ్డకడుతూ పొడి నలుసులను తనలో పట్టేసుకుంటుంది; చేదునూ కొంత లాగేస్తుంది. స్వీడన్, నార్వే దేశాల నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవారి ఇళ్ళలో వాడుకైన పద్ధతి ఇది. మిన్నెసోటా రాష్ట్రంలో ఏటా జరిగే పెద్ద తిరునాళ్ళలో ఒక లూథరన్ చర్చివారు ఈనాటికీ ఈ కాఫీ అమ్ముతారట. చర్చి నేలమాళిగలో, శుభానికైనా చావుకైనా, పెద్ద పెద్ద గిన్నెల్లో ఇదే కాచేవారట.

అవ్వ గ్లాసులోకి తేరిపార చూసి, "ఇది చిల్లగింజ పనే గదరా" అంది. గోదావరికి వరదనీరు వచ్చినప్పుడు వాళ్ళ పుట్టింట్లో చిల్లగింజను కుండ లోపలివైపు అరగదీసేవారట. తెల్లారేసరికి మన్ను అడుగున, తేట పైన.

నాకు సిగ్గేసింది. ఆ గింజనే సంస్కృతంలో కతకం అంటారనీ, దాని పేరు పలికినంత మాత్రాన నీరు తేటపడదని మనుస్మృతిలో ఉందనీ ఇరవై ఏళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. గింజను మాత్రం కళ్ళతో చూడలేదు.

"నీకు గిది ఎవరు నేర్పిన్రురా?" అని అవ్వ అడిగింది.

తమ్ముడు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి అన్నాడు:

"బాపును కాలవెట్టేటప్పుడు అక్కడ అర్ధరాత్రి. ఫోను బంజేసినంక దీపం ఆర్పబుద్ధి గాలే. తెల్లారి పక్కింటి ముసలమ్మ తలుపు కొట్టింది, రాత్రంతా దీపమెందుకు ఎలిగిందని. చెప్పిన. ఇంటికి పోయి గుడ్డు, పొడి, గిన్నె పట్టుకొచ్చి నా పొయ్యి మీద కాసింది. చావైన ఇంట్ల మనిషి ఒక్కడే కూసోవద్దన్నది. పగటిదాక నా ఎదురుంగ కూసున్నది, అన్నా."

ఇన్నేళ్ళూ నాకీ సంగతి తెలియదు. నేను అడిగిందీ లేదు. నలుగురిలో "మా తమ్ముడు, మా తమ్ముడు" అని పేరు పలుకుతూ వచ్చానంతే.

గ్లాసు ముందుకు జరిపి, "ఇంకింత పొయ్‌రా" అన్నాను. వాడు పోశాడు.

అవ్వ ఒక గ్లాసు తీసుకుపోయి బాపు ఫొటో ముందు పెట్టింది. "టీ గాదని కోపం జేస్తడేమో" అంది.

ముగ్గురం నవ్వాం. చాలా రోజులకు.