ఇంజను ఆయిలు నేర్పిన పాఠం

తెలుగు సాహిత్యం బోధించే ఉపన్యాసకులు ఇంజను ఆయిలును గూర్చి వ్యాసం వ్రాయడమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. ఈ సంచిక కొరకు ఏదైనా సాహిత్య వ్యాసం ఇమ్మని సంపాదకవర్గం వారు మమ్ము కోరిన మాట నిజమే. కాని కాగితం ముందు కూర్చున్నప్పుడు మా మనస్సు ప్రబంధాల వైపు పోలేదు. బందరు చెంత గిలకలదిండి రేవులో, ఒక పాత కొయ్యపడవ అడుగున, మోచేతుల వరకు నల్లబడిన మా తండ్రిగారి చేతుల వైపు పోయింది. ఆ చేతుల సంపాదనతోనే మేము ఎం.ఏ. చదివాము. ఆ చేతులు నేర్పిన ఒక పాఠాన్ని, దానిని మేము సిగ్గుతో నేర్చుకున్న విధాన్ని మా విద్యార్థినీ విద్యార్థులకు విన్నవించదలచాము.

మా తండ్రిగారు పడవ ఇంజన్ల మేస్త్రీ. రేవులో చిన్నా పెద్దా అందరూ ఆయనను 'మేస్త్రీ సాయిబు గారు' అని పిలిచేవారు. అయిదవ తరగతితో చదువు ఆపిన మనిషి. అయినా ఇంజను శబ్దం విని దాని రోగం చెప్పగలిగేవారు. సెలవు దినాలలో మేము ఆయన వెంట రేవుకు పోయి పానాలు అందించేవారము. క్రమంగా చిన్నచిన్న పనులు మా చేతికి వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది ఆయిలు, ఫిల్టరు మార్చడం.

మేము చెప్పబోయే పడవ రేవులోని మిగిలిన వాటికంటె భిన్నమైనది. దానిలో రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉన్నప్పటికీ, దాని సరంగు తెరకొయ్యను తీయించలేదు, తెరచాపను మడిచి దాచనూ లేదు. అప్పటికే తెరచాపలు అరుదైపోయాయి. 'ఇంజనుండగా ఈ గుడ్డ దేనికి తాతా?' అని కలాసీ కుర్రవాళ్లు వేళాకోళం చేసేవారు. ఆయన నవ్వి ఊరుకొనేవాడు.

డీజిల్ ఇంజనుకు, సముద్రానికి ఒక విషాద సంబంధం ఉన్నది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీ దేశపు ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజనును జయప్రదంగా నడిపి చూపాడు. పదహారేళ్ల తరువాత, 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి, ఇంగ్లండుకు పోతున్న ఓడ మీదినుండి ఆయన అదృశ్యమైనాడు. ఆయన కనిపెట్టిన యంత్రం మాత్రం నేడు సముద్రాల మీద కోట్లాది మంది బ్రతుకులను మోస్తున్నది. ఆ యంత్రం లోపల లోహానికీ లోహానికీ మధ్య ఉండేది పలుచని ఆయిలు పొర ఒక్కటే. ఆ పొర తెగిన నిమిషాలలో బేరింగులు కాలి ఇంజను పట్టేస్తుంది. లారీ ఆగితే డ్రైవరు దిగి నడిచిపోగలడు. నడిసముద్రంలో పడవ ఆగితే దిగడానికి నేల ఉండదు.

ఆయిలు మార్చే పనిని మా తండ్రిగారు ఒక క్రమంలో నేర్పారు. ముందుగా ఇంజనును ఐదు పది నిమిషాలు నడిపి వేడి చేయాలి. వేడికి ఆయిలు పలుచబడుతుంది. అడుగున పేరుకొన్న మసి, మురికి దానితో కలిసి బయటకు వస్తాయి. లారీకైతే ఛాంబరు క్రింది బిరడా విప్పి ఆయిలు వంపవచ్చు. పడవలో ఇంజను అడుగు చెక్కలకు ఆనుకొని ఉంటుంది కనుక క్రిందికి చేయి దూరదు. అందువల్ల ఆయిలు కొలిచే కడ్డీని తీసివేసి, ఆ గొట్టంలోకి సన్నని పైపు దింపి, చేతిపంపుతో పైకి లాగాలి. ఐదు లీటర్ల ఆయిలు రావడానికి చాలాసేపు పట్టేది. ఓపిక నశించి ముందే ఆపితే మిగిలిన మురికి ఆయిలు కొత్తదానిని కూడ చెడగొడుతుంది.

వచ్చిన ఆయిలు రంగు చూడమనేవారు. నల్లగా ఉంటే భయపడనక్కరలేదు. డీజిల్ మండినప్పుడు పుట్టే మసిని తనలో కలుపుకొని ఇంజనును శుభ్రంగా ఉంచడం ఆయిలు ధర్మం. 'నల్లబడిందంటే పని చేసిందన్నమాట' అనేవారు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే మాత్రం లోపలికి నీరు చేరినట్లే. ఆ పడవను సముద్రంలోకి పోనీయకూడదు.

వేట నిషేధ కాలాన్ని గురించి కూడ ఆయనకు ఒక నియమం ఉండేది. తూర్పు తీరంలో మరపడవల వేట ఏటా ఏప్రిల్ 15న ఆగిపోతుంది. నేడది జూన్ 14 వరకు, అనగా 61 దినాలు. చాలామంది నిషేధం ముగిసి మళ్లీ బయలుదేరేటప్పుడు ఆయిలు మార్పించుకొనేవారు. పడవను ఒడ్డున కట్టే ముందే మార్చుకోవాలని ఆయన వాదించేవారు. డీజిల్‌లోని గంధకం మండగా పుట్టిన ఆమ్లాలు పాత ఆయిలులో ఉంటాయి. ఇంజను ఊరక పడి ఉన్నన్నాళ్లూ అవి లోపలి లోహాన్ని తింటూనే ఉంటాయి. మురికితో విశ్రాంతికి పోరాదన్నది ఆయన మాట.

కాలిన ఆయిలును ఆయన ఒక్క బొట్టయినా కాలువలో పోయనిచ్చేవారు కాదు. డబ్బాలకెత్తి కొనేవారికి ఇచ్చేవారు. కారణం అడిగితే, 'రేపు అదే నీటిలో వల వేయాలి గదా' అనేవారు. తరువాతి కాలంలో మేము ఒక సంగతి చదివాము. లండను సమీపాన క్లాఫమ్ అనే చోట ఒక చెరువులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చెంచాడు నూనె పోయగా, అది సుమారు అర ఎకరం మేర పరచుకొన్నదట. ఆ ప్రయోగ వివరం 1774లో అచ్చయినది. మా తండ్రిగారికి ఫ్రాంక్లిన్ పేరు తెలియదు. చెంచాడు నూనె ఎంత దూరం పోతుందో తెలుసు.

ఇక ఫిల్టరు. చూడడానికి చిన్న రేకు డబ్బా. లోపలి మడతల కాగితం ఆయిలులోని మురికిని ఆపుతుంది. డబ్బా మూతి చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. బెల్టు పానాతో పాతదానిని విప్పేటప్పుడు ఒక్కొక్కసారి ఆ రింగు దానితో రాక, ఇంజనుకే అంటుకొని ఉండిపోతుంది. మసితో నల్లబడి ఉండుటచేత కంటికి ఆనదు. కనుక గుడ్డతో తుడిచి, వ్రేలితో చుట్టూ తడిమి చూడాలి. తరువాత కొత్త రింగుకు కొంచెం కొత్త ఆయిలు రాసి, చేతితోనే బిగించాలి. రింగు ఆనిన పిమ్మట ముప్పావు చుట్టు చాలు. పాత రింగు మీద కొత్త రింగు కూర్చుంటే అది మొదట బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. ఇంజను వేగం పెరిగి లోపల ఒత్తిడి హెచ్చినప్పుడు ప్రక్కకు జారి, ఉన్న ఆయిలంతా వెలికి చిమ్ముతుంది.

ఇవన్నీ మాకు కంఠపాఠంగా వచ్చు. వచ్చి కూడ తప్పు చేశాము.

అది 2008 మార్చి నెలాఖరు. ఇంటర్మీడియెట్ పరీక్షలు ముగిశాయి. ఆనాటి సాయంత్రం మిత్రులతో కలిసి మొదటి ఆట సినిమాకు పోవలసి ఉన్నది. మా తండ్రిగారు వేరొక పడవలో పనిమీద ఉండి, తెరచాప పడవకు ఆయిలు, ఫిల్టరు మార్చే పని మాకు అప్పగించారు. ఆయిలు తోడాము, ఫిల్టరు విప్పాము, కొత్తది బిగించాము, ఆయిలు పోసి ఇంజను తిప్పాము. ఎర్రదీపం ఆరిపోయింది. ఎక్కడా చెమ్మ లేదు. తృప్తిగా చేతులు కడుగుకొని సినిమాకు పోయాము.

రాత్రి భోజనాల వేళ మా తండ్రిగారు అడిగారు: 'పాత రింగు చూశావా బేటా?'

'చూశాను అబ్బా' అన్నాము.

చూడలేదు. చూడలేదన్న సంగతి ఆ క్షణంలోనే జ్ఞాపకం వచ్చింది కూడ. కాని ఇంజను తిరిగింది గదా, చెమ్మ కూడ లేదు గదా అని మనస్సును సమాధానపరచుకొన్నాము. ఆయన మరి మాటాడక భోజనం చేశారు. మా మాట నమ్మారు.

తెల్లవారుజామున మూడు గంటలకు సరంగు, నలుగురు కలాసీలు పడవ తీశారు. మధ్యాహ్నానికి తిరిగి రావలసిన పడవ నాలుగు గంటలైనా రాలేదు. దానితో పోయిన పడవలన్నీ వచ్చేశాయి. కలాసీల ఇళ్ల ఆడవారు గట్టు మీద చేరారు. వారిలో ఒకామె చంకలో ఏడాది బిడ్డ. ఆమె మా తండ్రిగారి వద్దకు వచ్చి, 'నిన్ననే కదా మేస్త్రీ గారూ ఇంజను చూశారు, బాగానే ఉందిగా?' అని అడిగింది. 'బాగానే ఉందమ్మా, మా అబ్బాయే చూశాడు' అన్నారాయన. అంతటి శిక్ష మాకు మరెవ్వరూ వేయలేదు. ఆమె అటు తిరగగానే మేము ఆయన చేయి పట్టుకొని నిజం చెప్పాము. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. వెంటనే ఇంకొక పడవ వారిని బతిమాలి వెదకడానికి సిద్ధం చేయించారు.

ఆ పడవ కదలక ముందే దూరాన తెరచాప కనిపించింది.

సముద్రం మీదినుండి ఒడ్డుకు వీచే గాలిని పట్టుకొని మెల్లమెల్లగా వచ్చింది. జరిగినది సరంగు చెప్పాడు. గట్టు విడిచి రెండు గంటల దూరం పోయిన తరువాత, పడవలో నీరు తోడుతున్న కుర్రవాడు నీటి మీద ఆయిలు చూచి కేక వేశాడట. సరంగు క్షణం ఆలసించక ఇంజను ఆపివేశాడు. అందువల్ల ఇంజను దక్కింది. ఉదయపు గాలి అనుకూలించక, మధ్యాహ్నపు గాలి కొరకు కాచుకొని, అప్పుడు తెరచాప ఎత్తి వచ్చారు. ఆనాటి వేట పోయింది. ఐదు ఇళ్ల కూలి పోయింది.

మరునాటి ఉదయం మా తండ్రిగారు కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు తమ సొంత డబ్బుతో కొని మమ్ము ఆ పడవ వద్దకు తీసుకొనిపోయారు. 'చెప్పు' అన్నారు, అంతే. మేము ఐదుగురి ముందు జరిగినది చెప్పాము. వ్రేలితో తడుమలేదని చెప్పాము. తడిమామని అబద్ధమాడిన సంగతీ చెప్పాము. సరంగు కొంతసేపు మౌనంగా ఉండి, 'సరేలే. చాప ఎందుకు ఉంచానో మా కుర్రోళ్లకు తెలిసొచ్చింది' అన్నాడు. పిదప అరచేయి చాచి, 'ఈసారి పాత రింగు నా చేతిలో పెట్టి, అప్పుడు కొత్తది బిగించు' అన్నాడు.

ఇంజనును తడిమితే రెండు రింగులు, ఒకటి నలిగి, ఒకటి చిరిగి, చేతికి వచ్చాయి. రెండూ ఆయన అరచేతిలో పెట్టాము.

ఆనాటి నుండి అది మా తండ్రిగారి నియమమైపోయింది. పాత రింగు పడవ మనిషి చేతిలో పెట్టనిదే కొత్త ఫిల్టరు బిగించలేదు. తమను తాము కూడ ఆయన ఆ నియమం నుండి మినహాయించుకోలేదు. కొడుకు మాటను నమ్మి తానూ చూడకపోవడం తన తప్పేనని ఆయన అభిప్రాయం. 'ఇంజను మనకిచ్చిన అమానత్. దాని మీద అయిదు ప్రాణాలున్నాయి' అని ఒక్కసారి అన్నారు. మళ్లీ ఆ ప్రసక్తి తేలేదు.

ఇప్పుడు ఆయనకు చూపు మందగించింది, పని మానివేశారు. మేము పానాలు విడిచి సుద్దముక్క పట్టాము. కాని మా వృత్తిలోను పాత రింగులు లేకపోలేదు. ప్రయోగం చేయకనే రికార్డులో ఫలితం వ్రాసే విద్యార్థి, పుటలు త్రిప్పకనే సంతకం చేసే అధ్యాపకుడు, సరిచూడకనే లెక్కలు ఆమోదించే పెద్దలు, అందరూ అనేమాట ఒక్కటే: 'చూశాము.' ఆ మాట అన్నప్పుడు ఇంజను నెమ్మదిగానే తిరుగుతూ ఉంటుంది. ఎక్కడా చెమ్మ కనిపించదు. ఒత్తిడి పెరిగేది గట్టు దాటిన తరువాత. అప్పుడు పడవలో ఉండేది మనం కాదు.

విద్యార్థులారా, మీరు ఈ కళాశాల విడిచి ఏ వృత్తిలో ప్రవేశించినా 'చూశావా?' అని మిమ్ము అడిగేవారు ఉంటారు. చూడకపోతే చూడలేదని చెప్పండి. లేచి వెళ్లి చూచి రండి. దానికి పట్టే కాలం అర నిమిషం. పరీక్ష పత్రాలు దిద్దేటప్పుడు నేటికీ ఒక కట్ట ముగించి సంతకం చేయబోతూ మేము ఒక్క క్షణం ఆగుతాము. ఎదుట ఎవరో అరచేయి చాచి నిలిచినట్లు తోస్తుంది. కట్ట విప్పి, మొత్తాలు మళ్లీ ఒకసారి కూడి, అప్పుడు సంతకం చేస్తాము.